దోషి దొరకని కేసును మా ఊళ్లో నడపనివ్వండి

సంగారెడ్డి జిల్లా ప్రధాన న్యాయమూర్తి, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ అధ్యక్షుల వారికి,



మా ఊరు భానూర్‌లో ఒక నమూనా విచారణ జరపాలని కొందరం అనుకుంటున్నాం. బోను, బల్ల, ప్రభుత్వం తరఫున వాదించే పీపీ గారు, డిఫెన్స్ లాయరు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి ప్రమాణం చేసే సాక్షులు, చివర కారణాలతో చదివే తీర్పు, అన్నీ సెషన్స్ కోర్టులో ఉన్నట్టే ఉండాలన్నది మా పట్టుదల. కేసు మాత్రం చాలా దూరం నుంచి తెచ్చుకుంటున్నాం. 1888 సెప్టెంబర్ 8 తెల్లవారుజామున లండన్ తూర్పు పేటలో, హాన్‌బరీ వీధి 29వ నంబరు ఇంటి పెరట్లో ఆనీ చాప్‌మన్ అనే 47 ఏళ్ల స్త్రీని గొంతు కోసి చంపారు. ఆ ఆగస్టు 31 నుంచి నవంబర్ 9 లోపల అలాగే చనిపోయిన అయిదుగురిలో ఆమె రెండో మనిషి. చంపిందెవరో నేటికీ తేలలేదు. జాక్ ది రిప్పర్ అని లోకమంతా పిలిచే ఆ పేరు కూడా హంతకుడిది కాదు. ఒక వార్తా సంస్థకు వచ్చిన ఉత్తరం కింద ఉన్న సంతకం అది. ఆ ఉత్తరం ఎవరో విలేకరి పుట్టించిందేనని అప్పటి పోలీసు అధికారులే కొందరు తర్వాత రాశారు.

విక్టోరియా రాణి కాలంనాటి లండన్ హత్య భానూర్‌కు ఎందుకు, మన దగ్గర కేసులు లేవా అని మీకు అనిపించవచ్చు. ఊళ్లో చాలామంది ఇదే అడిగారు. ఉన్నాయి. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. ఒక పేద దళిత యువకుణ్ని పట్టుకున్నారు. నరాల జబ్బుతో సరిగా నడవలేనివాడు గోడ దూకి ఇంత పని ఎలా చేస్తాడని అతని తరఫువాళ్లు మొత్తుకున్నారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది, 2017 మార్చి 31న హైకోర్టు నిర్దోషిగా వదిలింది. మధ్యలో 8 ఏళ్లకు పైగా అతని వయసు జైల్లో కరిగిపోయింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులు ఇంకా న్యాయం కోసం తిరుగుతూనే ఉన్నారు. అలాంటి కేసును మేం వేదిక మీదికి ఎక్కించలేం, ఎక్కించకూడదు. మన కేసు అనగానే ముందు కులం అడుగుతాం, ఊరు అడుగుతాం, పార్టీ అడుగుతాం, ఆ తర్వాతే సాక్ష్యం. హాన్‌బరీ వీధిలో మనకు చుట్టాలూ లేరు, పగవాళ్లూ లేరు. అక్కడైతే సాక్ష్యం ఒక్కటే చూడగలం. అందుకే అంత దూరం పోతున్నాం.

పోయాక చూస్తే ఆ పేట మనకు మరీ కొత్తదేం కాదు. వైట్‌చాపెల్, స్పిటల్‌ఫీల్డ్స్ అంటే రేవు కూలీలు, తోళ్ల పని, కుట్టుపని. ఆ హత్యలకు కొద్ది వారాల ముందే, 1888 జూలైలో, ఆ పేటకు కొద్ది దూరంలోని బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడకూలీలు సమ్మె చేశారు. తెల్ల భాస్వరం పొగకు వాళ్ల దవడ ఎముకలు కుళ్లిపోయేవి. రష్యా సామ్రాజ్యంలో దాడులకు తట్టుకోలేక పారిపోయి వచ్చిన యూదులు అదే పేటలో చెప్పులు కుట్టి, బట్టలు కుట్టి బతికేవారు. ఇల్లు లేనివాళ్లకు రాత్రికింత అని పడక అద్దెకిచ్చే సత్రాలు ఉండేవి. పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్ చుట్టూ ఉన్న రేకుల గదుల్లో షిఫ్టుల లెక్కన పడుకునే ఒడిశా, బిహార్ పిల్లగాళ్లను రోజూ చూసే మాకు ఆ సత్రాల గురించి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మిసైళ్లు చేసే ఫ్యాక్టరీ గేటు నుంచి మందుల కంపెనీల దాకా ఈ బెల్టంతా ఎక్కడెక్కడి మనుషులో వచ్చి కలిసిన చోటు. ఇలాంటి చోట ఒక నేరం జరిగితే వేలు ముందుగా ఎవరి వైపు లేస్తుందో మీకు తెలుసు.

ఆ వేలు 1888లో ఎలా లేచిందో చెబుతాను.

ఆనీ శవం కనిపించిన పెరట్లో కుళాయి దగ్గర తడిసిన తోలు ఆప్రాన్ ఒకటి దొరికింది. అంతకు వారం ముందు నుంచే 'లెదర్ ఆప్రాన్' అనే మారుపేరున్న ఒక యూదుడు ఆడవాళ్లను బెదిరిస్తున్నాడని పేటంతా చెప్పుకుంటున్నారు, పత్రికలు దాన్ని పెద్దది చేశాయి. ఇప్పుడు శవం దగ్గరే తోలు ఆప్రాన్! ఇంకేం కావాలి? జాన్ పైజర్ అనే చెప్పుల పనివాణ్ని సెప్టెంబర్ 10న పట్టుకుపోయారు. అతని ఇంట్లో పదునైన కత్తులున్నాయి, తోలు కోసేవాడికి ఉండక ఎవరికి ఉంటాయి? ఇతనే ఒక స్త్రీని బెదిరించడం చూశానని ఒకడు వరసలో నిలబెట్టినవాళ్లలోంచి పైజర్‌ను గుర్తుపట్టాడు కూడా. గట్టిగా అడిగేసరికి వాడి మాట నిలబడలేదు.

ఆప్రాన్ సంగతి ఏమిటంటే, అది ఆ ఇంటి పెద్దావిడ కొడుకుది. సెల్లార్‌లో పని చేసేటప్పుడు కట్టుకుంటాడు. బూజు పట్టిందని తల్లే కుళాయి కింద ఉతికి అక్కడ వదిలేసింది. ఆ తల్లి శవవిచారణలో నిలబడి అదే చెప్పింది. నమూనా విచారణలో ఆ ఆప్రాన్ ఎం.ఓ. 1, అంటే మొదటి వస్తు సాక్ష్యం, అవుతుంది. పీపీ గారు దాన్ని చేత్తో ఎత్తి చూపించినప్పుడు జనం గుండెల్లో ఏం కదులుతుందో, ఆ తల్లి బోనెక్కి 'అది మావాడిదే, నేనే ఉతికిన' అన్నాక ఏమవుతుందో మా ఊరివాళ్లు కళ్లతో చూడాలి. ఏ న్యాయ విజ్ఞాన సదస్సులోనూ ఇంత తేటగా చెప్పలేరు. మీ సదస్సుల మీద నాకు గౌరవం ఉంది. ఉచిత న్యాయ సహాయం ఉందని మా కాలనీలో కొందరికి తెలిసింది వాటి వల్లే. కానీ అక్కడ మేం వింటాం, కరపత్రం తీసుకుంటాం, ఇంటికొస్తాం. సాక్షి మాట ఎలా విరుగుతుందో చూడడం వేరు.

ఇక కాలం లెక్క. ఈ కేసులో అసలు చిక్కు ఇక్కడుంది. శవాన్ని ఆ ఇంట్లోనే ఉండే బండి తోలే మనిషి ఆరింటికి కాస్త ముందు చూశాడు. పోలీసు డాక్టర్ ఫిలిప్స్ ఆరున్నరకు వచ్చి, ప్రాణం పోయి కనీసం రెండు గంటలు, బహుశా ఇంకా ఎక్కువే అయి ఉంటుందన్నాడు. అంటే నాలుగున్నరకు ముందే. కానీ ఆప్రాన్ యజమాని జాన్ రిచర్డ్‌సన్ నాలుగుంముప్పావుకు ఆ పెరటి మెట్టు మీదే కూర్చుని, బూటు కాలికి గుచ్చుకుంటుంటే కత్తితో కాస్త తోలు కోసుకున్నాడు. అప్పటికే తెల్లవారుతోంది, అక్కడ శవం ఉంటే నాకు కనపడి తీరేదన్నాడు. పక్కింటి ఆల్బర్ట్ కడోష్ అయిదుంబావు దాటాక తన పెరట్లోకి వచ్చినప్పుడు కంచె అవతల నుంచి 'వద్దు' అన్న ఆడగొంతు విన్నాడు, కాసేపటికి కంచెకు ఏదో తగిలి పడ్డ చప్పుడు విన్నాడు. ఎలిజబెత్ లాంగ్ అనే ఆమె సరిగ్గా బీరు ఫ్యాక్టరీ గడియారం అయిదున్నర కొట్టేటప్పుడు ఆ ఇంటి ముందు ఆనీ ఒక మగాడితో మాట్లాడుతుండగా చూశానంది.

వీళ్లలో ఎవరూ అబద్ధాలకోరులు కారు. అయినా నలుగురి మాటా ఒకేసారి నిజం కాలేదు. డాక్టర్‌ను నమ్మితే ముగ్గురు మామూలు మనుషులు పొరపడ్డట్టు. కడోష్ విన్న చప్పుడు హత్యదే అయితే లాంగ్ చెప్పిన గడియారం తప్పాలి. తెల్లవారు చలికి, అంత రక్తం పోవడానికి ఒళ్లు తొందరగా చల్లబడి ఉండొచ్చని డాక్టరే ఒప్పుకున్నాడు. నిపుణుడు చెప్పాడు గదా అని కళ్లు మూసుకునే అలవాటు మనకు ఎంత ఉందో, డాక్టరు సాక్ష్యాన్ని డిఫెన్స్ లాయరు మర్యాద తప్పకుండా విప్పుతుంటే చూడడం అంత అవసరం. లాంగ్ సాక్ష్యంలో ఇంకో మాట ఉంది, దాని దగ్గర విచారణను కాస్త ఆపి నిలబడమని అడుగుతాను. ఆ మగాడి మొహం ఆమె చూడలేదు, వీపు మాత్రం చూసింది. అయినా అతను విదేశీయుడిలా ఉన్నాడంది. వీపు చూసి!

పైజర్ ఏమయ్యాడు? ఆగస్టు 31న మొదటి హత్య జరిగిన రాత్రి అతను దూరంగా హాలోవే రోడ్డులో ఉన్నాడు, రేవులో అంటుకున్న మంటల వెలుగు చూస్తూ అక్కడి కానిస్టేబుల్‌తో మాట్లాడాడు. ఆనీ చనిపోయిన రాత్రి ఇంటి గడప దాటలేదు, ఎందుకంటే బయట జనం చేతికి చిక్కితే ముక్కలు చేస్తారని సోదరుడే బయటికి వెళ్లొద్దన్నాడు. సెప్టెంబర్ 12న శవవిచారణ జరిపే అధికారి, కరోనర్ వైన్ బాక్స్టర్ అతన్ని సాక్షిగా పిలిచి, అందరి ముందూ తన మాట చెప్పుకోనిచ్చాడు. నీ మీద పడ్డ మచ్చ పోవాలనే నిన్ను పిలిపించామన్నట్టు నడిపించాడు ఆ విచారణను. 1888 కథలో నేను అందరికన్నా గౌరవించేది ఆ కరోనర్‌ను. హంతకుణ్ని పట్టలేకపోయిన వ్యవస్థ కనీసం ఒక అమాయకుణ్ని పదిమందిలో కడిగి ఇంటికి పంపింది. పైజర్ మీద నిజంగా విచారణ జరగలేదు. మా వేదిక మీద మాత్రం పోలీసులు చార్జిషీటు వేసేశారని అనుకుని మొదలుపెడతాం, చివర ఈ నిజాన్ని జనానికి చెప్పి ముగిస్తాం.

ఇప్పుడు మన సంగతి. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో వీడియోలు పాకాయి. ఆ నెల 26 రాత్రి హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. ఆమె ఏ పిల్లనూ ఎత్తుకుపోలేదు. ఆమెకు ఏ కరోనరూ దొరకలేదు. అదే రోజుల్లో గద్వాల జిల్లా ఎస్పీ రెమా రాజేశ్వరి గారు ఊరూరికీ కానిస్టేబుళ్లను, జానపద గాయకులను పంపి, డప్పు కొట్టించి, పాటలు కట్టించి ఆ పుకార్లను ఆపారు. ఆట, పాట, వేదిక మనవాళ్ల దగ్గర ఎంత పనిచేస్తాయో దానికి ఆవిడ చేసిందే సాక్ష్యం.

2019 డిసెంబర్ 6 మాట కూడా ఎత్తక తప్పదు. ఒక యువతి మీద అత్యాచారం, హత్య జరిగిన దిశ కేసులో నలుగురు నిందితులు చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఉదయం అది. పోలీసుల మీద పూలు చల్లారు. మా ఊళ్లోనూ మిఠాయిలు పంచుకున్నవాళ్లున్నారు, వాళ్లు చెడ్డవాళ్లేమీ కాదు, ఆడపిల్లల తల్లిదండ్రులు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ అవి చంపాలని కావాలనే జరిపిన కాల్పులని, నలుగురిలో ముగ్గురు మైనర్లని తేల్చింది. ఆ నివేదిక మీద ఏం చేయాలన్నది హైకోర్టు ముందుకు వెళ్లింది గనక తీర్పు మాట నేను ఎత్తను. నన్ను కలిచివేసేది వేరే. ఆ అమ్మాయికి ఏం జరిగిందో కోర్టులో సాక్ష్యంగా రుజువయ్యే అవకాశమే ఆ తెల్లవారుజామున పోయింది. విచారణ అంటే ముద్దాయికి చేసే ఉపకారమని మనలో చాలామంది అనుకుంటున్నారు. అది చనిపోయిన మనిషికి కూడా హక్కు అని వాదించి ఒప్పించలేం. చూపించాలి.

చట్టం విషయంలోనూ ఈ కేసు మనకు దగ్గరదే. వైస్రాయ్ కౌన్సిల్లో న్యాయ సభ్యుడిగా ఉన్న జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ రాసిందే 1872 సాక్ష్య చట్టం. హైదరాబాద్ రాజ్యం విలీనమయ్యాక అది మన సంగారెడ్డి కోర్టుకూ వచ్చింది, 2024 జూన్ 30 దాకా నడిచింది. పోలీసుల ముందు ఒప్పుకున్నది రుజువు కాదన్న అందులోని 25వ సెక్షన్ ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌గా బతికే ఉంది. ఆ స్టీఫెనే ఇంగ్లండుకు తిరిగిపోయి జడ్జి అయ్యాడు. 1889లో లివర్‌పూల్‌లో, భర్తకు ఆర్సెనిక్ పెట్టి చంపిందన్న ఆరోపణ మీద ఫ్లోరెన్స్ మేబ్రిక్‌ను విచారించాడు. అప్పటి ఇంగ్లండులో ముద్దాయి ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పుకునే వీలు లేదు, అది 1898లో వచ్చింది. అప్పీలుకు పోదామంటే క్రిమినల్ అప్పీలు కోర్టే లేదు, అది 1907 చట్టంతో వచ్చింది. జ్యూరీ గంటలోపే దోషి అంది, ఉరిశిక్ష పడింది. దేశమంతా గోల చేస్తే యావజ్జీవంగా మార్చారు, 1904లో విడుదల చేశారు. మన సాక్ష్య చట్టం రాసిన చెయ్యే, ఆమె నడవడికను సాక్ష్యంతో కలగాపులగం చేసిందని అప్పుడే విమర్శలు వచ్చాయి. చట్టం తెలిసినంత మాత్రాన చాలదని దీన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు.

నమూనా విచారణలు వింత కావు. స్కాట్లండ్‌లో డండీ విశ్వవిద్యాలయం 2018లో విలియం బరీ కేసును మళ్లీ నడిపింది. భార్యను చంపాడని 1889లో డండీలో ఉరితీసిన మనిషి అతను, జాక్ ది రిప్పర్ ఇతనేనేమో అన్న అనుమానం కూడా ఉంది. ఈసారి జ్యూరీ నిర్దోషి అంది. మాకు జ్యూరీ వద్దు. మన దేశంలో ఆ పద్ధతి పోయి అర్ధ శతాబ్దం అయింది, జనం చప్పట్లతో తేలే తీర్పును నేర్పించడం మా ఉద్దేశం కాదు. జడ్జి కుర్చీలో కూర్చున్నవారు కారణాలు రాసి చదవాలి.

మన నాటకానికి కూడా కోర్టు కొత్త కాదు. కందుకూరి వీరేశలింగం 1880లో రాజమండ్రిలో తన విద్యార్థుల చేత ఆడించిన 'వ్యవహార ధర్మబోధిని' ప్లీడర్ల అన్యాయాల మీద రాసింది. తెలుగులో మొదట రంగమెక్కిన నాటకాల్లో అది ఒకటి, వైట్‌చాపెల్ హత్యలకు 8 ఏళ్లు ముందు. గురజాడ 'కన్యాశుల్కం'లో అయితే చావు జరగని ఖూనీ కేసే ఉంది. పెళ్లికూతురు మాయమైంది, లుబ్ధావధాన్లు చంపేశాడని ఊరంతా నమ్మింది, పోలీసులు దిగారు. ఆ పెళ్లికూతురు ఆడపిల్లే కాదన్న నిజాన్ని తీసుకొచ్చి ముసలాయన్ని గండం గట్టెక్కించింది సాని మధురవాణి, సానుల మొహం చూడనని ఒట్టు పెట్టుకున్న వకీలు సౌజన్యారావు దగ్గరికే వెళ్లి. మర్యాదస్తులు వినడానికి ఇష్టపడని మనిషి దగ్గరే నిజం ఉండొచ్చని గురజాడ అక్కడ చూపించారు.

ఈ మాట ఆనీ చాప్‌మన్ కోసం చెబుతున్నాను. ఆ అయిదుగురినీ లోకం ఒకే ముద్ర వేసి వదిలేసింది. హాలీ రూబెన్‌హోల్డ్ అనే చరిత్రకారిణి 2019లో వాళ్ల జీవితాల మీద ఒక పుస్తకమే రాసి, వాళ్లలో ముగ్గురు ఒళ్లమ్ముకున్నారనడానికి ఆధారమే లేదని వాదించింది. ఆనీ ఒక కోచ్‌మన్ భార్య. పెద్ద కూతురు 12 ఏళ్లకు మెదడు పొరల వాపుతో చనిపోయింది. తాగుడు, విడిపోవడం, ఆపై భర్త పంపే వారానికి 10 షిల్లింగులు. 1886 చివర ఆయన చనిపోయాక అదీ ఆగింది. క్రోషే అల్లి, పూలు అమ్మి బతికింది. ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. ఆ రాత్రి సత్రంలో పడకకు డబ్బుల్లేక ఒంటిగంట దాటాక బయటికి నడిచింది. పైకం తెస్తాను, పడక ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి మరీ వెళ్లింది.

అందుకే మా వేదిక మీద హత్య కనిపించదు. శవం బొమ్మ ఉండదు, ఆ ఫొటోలు ఉండవు, పొగమంచులో నల్లకోటు మనిషి ఉండడు. పీపీ గారి మొదటి పని ఆనీ ఎవరో చెప్పడం. ముద్దాయి పైజర్‌ను యూదుడని ఎగతాళి చేసే యాస పెట్టి నవ్వించడానికి ఎవరినీ ఒప్పుకోం. వేషాలు మావాళ్లే వేస్తారు, రాత్రంతా చిందు భాగోతం చూసి పెరిగినవాళ్లకు మూడు గంటల విచారణ ఎక్కువ కాదు. డాక్టర్ ఫిలిప్స్ వేషానికి నిజం డాక్టరే దొరికితే బాగుంటుందని నా ఆశ.

మీ నుంచి కావలసింది ఇది. తీర్పు చదవడానికి ఒక రిటైర్డ్ న్యాయమూర్తిని, రెండు వైపులా వాదించడానికి సంగారెడ్డి బార్ నుంచి ఇద్దరు న్యాయవాదులను మీ సంస్థ తరఫున పంపండి. విచారణ ఇప్పటి మన చట్టం ప్రకారమే నడవాలి, పైజర్‌కు తన మాట తాను చెప్పుకునే హక్కుతో సహా. పోలీసు శాఖ వారిని కూడా పిలవండి. గుర్తింపు పరేడ్ ఎలా జరగాలో వాళ్లే చూపిస్తే జనం వాళ్లను తప్పుపట్టే ఆటగా దీన్ని అనుకోరు. జనం అభిప్రాయం రెండుసార్లు చీటీల మీద రాయిస్తాం: పీపీ సాక్షులు అయిపోగానే ఒకసారి, డిఫెన్స్ అయ్యాక ఒకసారి. ఆ చీటీలకు తీర్పుతో సంబంధం ఉండదు, ఎవరి చీటీ వాళ్లే ఇంటికి తీసుకెళ్తారు.

హిందీలో వెంటవెంటనే చెప్పేవాళ్లను కూడా పెట్టమని అడుగుతున్నాం, వీలైతే ఒడియాలోనూ. గుంపుకు భయపడి ఇంట్లో దాక్కున్న మనిషి కథ ముందుగా వినాల్సినవాళ్లు ఇక్కడ తెలుగు రానివాళ్లే. జనరల్ షిఫ్టు వదిలాక, శనివారం సాయంత్రమైతే అందరికీ కుదురుతుంది. జాగా, మైకు, కుర్చీలు మేం చూసుకుంటాం. తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
నాటకం మీద ప్రేమ ఉన్న భానూర్ గ్రామవాసి